చిరగని ముఖం

మొగిలి చేసిన సింహం ముఖానికి జాతరలో దవడ ఊడిపడింది.

హిరణ్యకశిపుడి కడుపు చీల్చడానికి నరసింహస్వామి వంగాడు. వంగీ వంగగానే కింది దవడ నానిన రొట్టెముక్కలా జారి, కింద పడుకున్న హిరణ్యకశిపుడి ఛాతీ మీద పడింది. జనం ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశారు. వెనక నుంచి ఎవరో అరిచారు.

"స్వామికి పండ్లూడినయ్ రో!"

ఇక నవ్వే నవ్వు. తాళాలు ఆగిపోయాయి. మద్దెల వాయించేవాడు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు మొగిలి చెవుల్లో ఉండిపోయింది. అన్నం ముందు కూర్చుంటే అదే, కళ్లు మూసుకుంటే అదే.

తప్పు తన చేతిది కాదని అతనికి తెలుసు. సింహం కనుబొమల మధ్య కోపాన్ని అతను తీసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ తీయలేరు. ఆ మాట గురువే ఒప్పుకున్నాడు. తప్పంతా జిగురుది.

గురువు పేరు కనకలింగం. చుట్టుపక్కల బాగోతం మేళాలన్నిటికీ ముఖాలు, కిరీటాలు, భుజకీర్తులు చేసిపెట్టే ముసలాయన. మట్టితో అచ్చు చేసి, పాత పంచెల పేలికలు జిగురులో ముంచి, అచ్చు మీద పొర మీద పొర పరుస్తారు. నీడలో ఆరనిచ్చి ఊడదీస్తారు. సుద్ద పూసి రంగులు వేస్తారు. మెత్తటి గుడ్డ గట్టి ముఖంగా మారేది జిగురు వల్లనే.

కనకలింగం కిరీటాలకు ఒక జిగురు, ముఖాలకు ఒక జిగురు వాడేవాడు. కిరీటాలకు వాడేది తోలు ఉడకబెట్టి తీసిన జిగురు, వడ్రంగులు కర్రలు అతికించేది. ఆరిందంటే రాయే. ఆయన తండ్రి చేసిన కిరీటాలు ఇప్పటికీ మేళాల పెట్టెల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముఖాలకు మాత్రం చింతగింజల జిగురు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానేసి, రుబ్బి, అంబలిలా కాస్తారు. దాన్ని కూడా ఆయన నీళ్లు పోసి పలచన చేసేవాడు. ఆ ముఖాలు నాలుగు ఆటలు ఆడేసరికి చెమటకు ఉబ్బి, ఆవిరికి మెత్తబడి, మూతి వంకరపోయేవి. పైగా మేళం వాళ్లు ఆట చివర ముడి విప్పే ఓపిక లేనట్టు మోటుగా గుంజి చింపేసేవారు. నెల రోజుల పని ఒక్క గుంజుతో పోయేది. అది చూసినప్పుడల్లా మొగిలికి కడుపు మండిపోయేది.

"కిరీటానికి పెట్టే జిగురు ముఖానికెందుకు పెట్టొద్దయ్యా?" అని అతను చాలాసార్లు అడిగాడు.

"ముఖానికి గిదే," అనేవాడు కనకలింగం. అంతకుమించి మాట పెగిలేది కాదు. ఆయన తీరే అంత. చేతితో చూపిస్తాడు, నోటితో చెప్పడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి కళ్లుండాలి గానీ చెవులెందుకని ఆయన నమ్మకం. ఊళ్లో జనం దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. ఆయనకూ లోపల ఎక్కడో ఆ గొప్ప ఉండేది.

జాతర నుంచి వచ్చాక మొగిలి తన ఇంట్లోనే ఎవరికీ చెప్పకుండా ఒక సింహం ముఖం చేశాడు. మంచి గుడ్డ తెచ్చాడు. తోలు జిగురు చిక్కగా కాచాడు. ఆ జిగురు తడి తగిలితే మెత్తబడుతుందని అతనికి తెలుసు కాబట్టి, ఆరాక లోపలా బయటా లక్క పట్టించాడు. ఇక చెమట లోపలికి దిగదు. వేలితో కొడితే కంచు గిన్నెలా మోగింది.

దాన్ని గుడ్డలో చుట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

కనకలింగం ముఖాన్ని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కనుబొమల మీద వేలు రాశాడు.

"కండ్లు మంచిగ తీసినవ్," అన్నాడు.

తర్వాత అంచు మీద గోరు గుచ్చి చూశాడు. దిగలేదు. తిరగేసి లోపలి వైపు చూశాడు. అద్దంలా మెరుస్తోంది. ముక్కు దగ్గర రంధ్రాలు చిన్నవి. రంగు అందం చెడకుండా మొగిలి వాటిని సన్నగా తీశాడు. ముసలాయన దాన్ని పక్కన పెట్టి లేచాడు.

గోడకు ఆయన చేసిన కొత్త నరసింహుడి ముఖం వేలాడుతోంది. వానాకాలమంతా కూర్చుని చేసింది. రంగు నిన్న మొన్ననే ఆరింది. అంత మంచి ముఖం ఆయన చేతి నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. దాన్ని తీసి మొగిలి మొహానికి పెట్టాడు. వెనక తాళ్లు గట్టిగా బిగించి ముడి మీద ముడి వేశాడు.

"సింహం లెక్క అరువు," అన్నాడు.

మొగిలికి సిగ్గేసింది. అయినా గొంతెత్తి సింహంలా అరిచాడు. మళ్లీ అరవమన్నాడు గురువు. మళ్లీ అరిచాడు. లోపల వేడెక్కింది, గుడ్డ చెంపలకు అతుక్కుంది.

అప్పుడు కనకలింగం సింహం నోట్లోకి రెండు వేళ్లు పోనిచ్చి, ఒక్క గుంజు గుంజాడు.

ముఖం నోటి నుంచి నుదుటి దాకా పర్రున చిరిగింది. గాలి చల్లగా మొగిలి మొహానికి తగిలింది. చెరి సగం చెరో చెవి నుంచి వేలాడుతున్నాయి. వానాకాలం పని అంతా పోయింది.

 మొగిలి చిరిగిన సగం చేతిలోకి తీసుకుని చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే లోపల ఏదో గెలిచినట్టు అనిపించింది.

"చూసిన్రా అయ్యా! ఒక్క గుంజుకు పాయె. నేను మొత్తుకునేది గదే గద!"

కనకలింగం అతని వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయినట్టే ఉంది. కానీ చెప్పలేదు. వంగి రెండు ముక్కలూ తీసుకుని నీళ్ల కుండలో నానేశాడు, గుడ్డ మళ్లీ పనికొస్తుందని.

"ఇంటికి పో," అన్నాడు.

మొగిలి తన ముఖం చంకన పెట్టుకుని వెళ్లాడు. గురువు దగ్గర జవాబు లేదని ఆ రోజే తేల్చుకున్నాడు. శిష్యుడు చేసింది చిరగలేదు, ఆయన చేసింది చిరిగింది, అందుకే ఆయనకు కోపం. అసూయ అని కూడా అనుకున్నాడు. గురువు గురించి అలా అనుకోవడం అదే మొదటిసారి. అనుకున్నాక పెద్ద కష్టమనిపించలేదు.

మేళం పెద్ద సాంబయ్యకు ఆ ముఖం చూడగానే ప్రాణం లేచొచ్చింది. కొట్టి చూశాడు, వంచి చూశాడు.

"ఇగ మూతి జారదు గద?"

"మీ మనుమల కాలం దాక జారదు."

నరసింహస్వామి వేషం ఓదెలుది. అతని తండ్రి కూడా ఆ వేషమే కట్టేవాడు. వేషం లేనప్పుడు ఓదెలు ఈగను కూడా తోలే మనిషి కాదు. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎక్కడ కూర్చుంటే అక్కడికి పసిపిల్లలు వచ్చి ఒళ్లో ఎక్కుతారు. ఆట ఉన్న రోజు ఒక్క పొద్దు ఉంటాడు. ముఖం కట్టాక మాత్రం అతను అతను కాడు. స్వామి వస్తాడు. ఒక్కోసారి ఎంత వస్తాడంటే నలుగురు పట్టుకున్నా ఆగడు. అందుకే సాంబయ్య ఎప్పుడూ అతని వెనకే నిలబడేవాడు.

ఓదెలు కొత్త ముఖం పెట్టి చూసుకున్నాడు. కొద్దిసేపటికి చేత్తో పైకెత్తాడు.

"జర ఊపిరాడుతలేదు తమ్మీ."

"కొత్తది గదా అన్నా. అలవాటైతది."

ఓదెలు తల ఊపాడు. ముఖాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ అడిగాడు.

"లింగం తాత చూసిండా?"

ఆ ప్రశ్న వస్తుందని మొగిలి అనుకోలేదు.

"చూసిండు," అన్నాడు. "మంచిగున్నదన్నడు."

ఓదెలు ఇంకేం అడగలేదు. లింగం తాత బాగుందన్నాక ఇక అడిగేదేముంది!

ఆ ఎండాకాలం గుట్ట కింది జాతరలో పగటి బాగోతం కట్టారు. పందిరి పైన తాటాకులు వేసినా వేడి దిగుతూనే ఉంది. మొగిలి అందరికన్నా ముందు వెళ్లి కూర్చున్నాడు. పోయిన ఏడాది నవ్విన మొహాలు ఎక్కడున్నాయో వెతికి చూసుకున్నాడు.

స్తంభం పగిలింది. తెర చించుకుని నరసింహుడు బయటికి దూకాడు. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. తాటాకుల సందుల్లోంచి ఎండ పడి లక్క మెరుస్తోంది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. ముందు వరసలో ఒక ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మొగిలి ఛాతీ పొంగింది. ఒక్కడు నవ్వలేదు.

స్వామి గర్జించాడు. రెండోసారి గర్జించాడు. మూడోసారి గొంతు సగంలో ఆగింది.

ఓదెలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. చేతులు గాలిలో ఆడించాడు. మొహాన్ని గోళ్లతో రక్కుకున్నాడు. మోకాళ్ల మీద పడ్డాడు. స్వామి నిండుగా వచ్చాడని మద్దెల మరింత జోరందుకుంది. ఆడవాళ్లు పసుపునీళ్లు పోశారు. గోవిందా గోవిందా అని కేకలు.

ఓదెలు భార్య దుర్గవ్వ తాళాలు వేసేవాళ్ల పక్కన కూర్చుంది. ఆమెకు స్వామి ఎలా వస్తాడో తెలుసు, తన మొగుడు ఎలా కొట్టుకుంటాడో కూడా తెలుసు. మొదట అరిచింది ఆమే.

"ఊపిరాడ్తలేదు! ముఖం దియ్యిండ్రి! ముఖం దియ్యిండ్రి!"

సాంబయ్య వెనక నుంచి వచ్చాడు. ఎన్నో ఏళ్లుగా చేసిన పనే. సింహం నోట్లో వేళ్లు పెట్టి గుంజాడు. రాలేదు. మళ్లీ గుంజాడు. ఓదెలు తల మొత్తం ముందుకొచ్చింది గానీ ముఖం రాలేదు. వెనక ముళ్లు చెమటకూ పసుపునీళ్లకూ ఉబ్బి బిగుసుకున్నాయి. దుర్గవ్వ పళ్లతో ముడి కొరికింది, గోళ్లతో పీకింది. గోళ్లు విరిగి ఆమె వేళ్ల నుంచి రక్తం కారింది. ఓదెలు చేతులు కొట్టుకోవడం తగ్గిపోయింది.

మొగిలి లేచి నిలబడ్డాడు. ఇదంతా చూస్తుంటే అతని మనసులోకి వచ్చిన మొదటి మాట, అయ్యో ముఖం పాడు చేస్తారే, అని. ఆ మాట వచ్చిన సంగతి అతనికి ఒక్కడికే తెలుసు.

కొబ్బరికాయలు కొట్టే దగ్గర నుంచి ఎవరో కత్తి తెచ్చారు. జుట్టులో కూరుకుపోయిన తాళ్ల కిందికి మొన దూరలేదు, చెంప పక్కన పెట్టి నొక్కారు. లక్క మీద కత్తి జారింది. ఇంకా బలంగా నొక్కారు. ఒక్కసారిగా దిగింది. దిగాల్సిన దానికన్నా లోతుగా దిగింది.

ముఖం తీశాక ఓదెలుకు ఊపిరి వచ్చింది. ఎడమ కన్ను మాత్రం పోయింది.

ఓదెలు పట్నం ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక సాంబయ్య నేరుగా కనకలింగం దగ్గరికి వచ్చాడు. మొగిలి అప్పుడు పెరట్లో ఉన్నాడు. జాతర రోజు నుంచి అతను గురువింటికి వచ్చి ఊరికే పెరట్లో కూర్చుంటున్నాడు. ఎందుకొచ్చావని ముసలాయన అడగలేదు. పొమ్మని కూడా అనలేదు. లోపలి మాటలు గోడ ఇవతలికి వినపడుతున్నాయి.

"మా ఓదెలు అడిగిండట. లింగం తాత చూసిండా అని. చూసిండు, మంచిగున్నదన్నడు అన్నడట నీ శిష్యుడు. నిజమేనా?"

మొగిలి గోడకు ఆనుకుని బిగుసుకుపోయాడు. ఇప్పుడు గురువు లేదంటాడు. అనాలి. అది అబద్ధం కాబట్టి.

"చూసిన," అన్నాడు కనకలింగం.

"చూసీ ఇచ్చినవా?"

"చూసిన," అన్నాడు మళ్లీ.

 సాంబయ్య గొంతు మారింది.

"మా నాయన నీ గడప తొక్కిండు. నేను తొక్కిన. ఇగ మా మేళం కాదు, ఏ మేళమూ నీ గడప తొక్కకుంట చేస్త."

అన్నంత పనీ చేశాడు. పండగలు వచ్చాయి, పోయాయి. ఒక్క మేళం రాలేదు. మట్టి అచ్చులు వరసగా గోడ పక్కన బూజు పట్టాయి. కనకలింగం మాత్రం రోజూ పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని కొంచెం జిగురు కాచేవాడు. సాయంత్రానికి అది పులిసిపోయేది. పారబోసేవాడు.

ఒకరోజు మొగిలి ఆగలేకపోయాడు.

"ఎందుకట్ల అన్నరయ్యా? మంచిగున్నదని మీరెప్పుడన్నరు? నేను అబద్ధం చెప్పిన. మీరు లేదంటే అయిపోతుండె గద!"

ముసలాయన జిగురు కలుపుతూనే ఉన్నాడు.

"నేను కాదంటే నిన్ను సంపుదురు."

"సంపనియ్యుండ్రి! మీ పేరెందుకు పాడు చేసుకున్నరు?"

కనకలింగం గరిటె పక్కన పెట్టాడు.

"నిన్ను కాపాడనీకి గాదు బిడ్డా. నిజంగనే చూసిన. నువ్వు నా ఒళ్లో పెట్టినవ్. గోరు దిగలే. ముక్కు బొక్కలు సన్నగున్నయ్. అన్నీ చూసిన."

"మరి ఒక్క మాట చెప్పకపోతిరి!" మొగిలి అరిచాడు. "ముఖం చిరగాలెరా, చిరగకపోతే లోపల మనిషి సస్తడురా అని, ఒక్క మాట! ఏండ్ల సంది అడుగుతున్న. ఒక్క మాట చెప్పుంటే ఓదెలన్న కన్ను ఉంటుండె!"

"ఉంటుండె," అన్నాడు కనకలింగం.

ఆ ఒప్పుకోలును మొగిలి తట్టుకోలేకపోయాడు. గురువు ఎదురు తిరుగుతాడనుకున్నాడు. నీకు కళ్లు లేవా అంటాడనుకున్నాడు.

"చించి చూపెట్టిన," అన్నాడు ముసలాయన. "గంత మంచి ముఖం చించితె నీకే తెలుస్తది అనుకున్న. నువ్వు ఉల్టా అర్థం చేసుకున్నవని నీ మాటలనే తెల్సింది. అప్పుడన్న నోరు తెరవాలె గద. తెరవలే. చెప్పి నేర్పుడు నా తీరు గాదు అనుకున్న. నీకు జిగురు గొప్ప. నాకు మాట్లాడకుంట ఊకునుడు గొప్ప."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఇద్దరూ దాని వైపే చూశారు. ఆయన ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం మొగిలి ఎన్నడూ వినలేదు. వినాలని ఎంత ఆశపడ్డాడో! ఇప్పుడు వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

కొన్నాళ్లకు ఓదెలు కబురు పంపాడు. లింగం తాతను ఒకసారి రమ్మని.

కనకలింగం కర్ర అందుకున్నాడు. ఒక తట్టలో తడిమట్టి పెట్టి మొగిలి నెత్తికెత్తాడు.

"నేను రాను," అన్నాడు మొగిలి.

"నడువు," అన్నాడు గురువు.

ఓదెలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను ఉన్న చోట చర్మం ముడతపడి లోపలికి పోయింది. కింద చెంప మీదుగా గీత. ఒళ్లో పిల్లలెవరూ లేరు. దుర్గవ్వ మొగిలిని చూడగానే లేచి నిలబడింది. కూర్చోమనలేదు.

మొగిలి తట్ట దించి ఓదెలు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అన్నా, అయ్య మంచిగున్నదన్నడని చెప్పింది అబద్ధం. ఆయన అన్లేదు."

"తెలుసు," అన్నాడు ఓదెలు నెమ్మదిగా. "సాంబయ్య చెప్పినా నేను నమ్మలే. తాత చూసుంటె గా ముఖం నా దాక రాకపోతుండె."

"చూసిన ఓదెలూ," అన్నాడు కనకలింగం. "అంతకుముందే నా దగ్గరికి తెచ్చిండు. పనికిరాదని నాకు తెలుసు. ఎందుకు పనికిరాదో చెప్పలే. గది నా తప్పు. వీని తప్పు వీనికున్నది."

ఓదెలు ఉన్న ఒక్క కంటితో ముసలాయనను చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. తెలిసీ చెప్పలేదన్న సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. తెలియకుండా ఉంటేనే బాగుండేదేమో. 'తాత' అన్న పిలుపు మళ్లీ అతని నోటి నుంచి రాలేదు.

"నాకు ఇంకో పని రాదు," అన్నాడు ఓదెలు. "పిల్లలు నన్ను జూసి జడుసుకుంటున్నరు. ముఖం కట్టుకుంటె ఎవ్వలికీ తెల్వదు. సాంబయ్య సరే అన్నడు. ఎవలతోటన్న చేయించుకో అన్నడు. కానీ దుప్పటి మొహం మీదికొస్తెనే నాకు పానం పోతది. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు."

"ముక్కు, నోరు ఇడిసిపెట్టి పై సగమే చేద్దాం," అన్నాడు కనకలింగం. "పలచగ. చెయ్యి పడితె ఊడొచ్చేటట్టు. చేసేది నేను గాదు. మొగిలి."

"వీడా?" దుర్గవ్వ ఒక్క అడుగు ముందుకు వేసింది. "వీని చెయ్యి మా ఇంట్ల వస్తువును గూడ ముట్టొద్దు!"

"బిడ్డా, నేను చేస్తె అందమైన ముఖం అయితది," అన్నాడు ముసలాయన. "వీడు చేస్తె భయపడుకుంట చేస్తడు. ఇప్పుడు నీ మొగనికి గసొంటిదే కావాలె."

దుర్గవ్వ మొగుడి వైపు చూసింది.  ఓదెలు తల వెనక్కి వాల్చి గోడకు ఆనించి, కన్ను మూసుకున్నాడు. ఆమె వెళ్లి అతని పక్కనే, మొగిలి చేతులు కనపడేలా కూర్చుంది.

అచ్చు చేయాలంటే ముందు వేళ్లతో మొహం కొలుచుకోవాలి. మొగిలి చేతులు కడుక్కుని తడి తుడుచుకున్నాడు. నుదుటి మీద వేళ్లు పెట్టాడు. నుదురు వేడిగా ఉంది. కుడి కనుబొమ మీదుగా వచ్చాడు. ముక్కు దూలం దాటాడు. ఎడమ బొటనవేలు ఆ గుంటలోకి దిగింది.

అతను ఎన్నో కళ్లు తీశాడు. కోపం కళ్లు, శాంతం కళ్లు. వేలి కింద ఏమీ లేని చోటు అతనికి కొత్త.

బొటనవేలు కదపబోతుంటే చెయ్యి జారింది. అరచెయ్యి ఓదెలు ముక్కు మీదికి, నోటి మీదికి వచ్చింది.

ఓదెలు ఒళ్లంతా బిగుసుకుంది. కన్ను తెరుచుకుంది. రెండు చేతులతో మొగిలి మణికట్టును పట్టుకున్నాడు. ఎముక విరుగుతుందా అన్నంత బలంగా. దుర్గవ్వ లేవబోయింది. మొగిలి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"గుంజకు," అన్నాడు కనకలింగం.

మొగిలి ఆగాడు. ఓదెలు ఆ చేతిని మొహం నుంచి దూరం నెట్టలేదు. దగ్గరికీ రానివ్వలేదు. బెత్తెడు దూరంలో అలాగే బిగబట్టి పట్టుకున్నాడు. ఊపిరి అరచేతికి తగులుతోంది. వస్తోంది, పోతోంది. వేడిగా, తడిగా, తొందర తొందరగా.

దుర్గవ్వ నెమ్మదిగా మళ్లీ కూర్చుంది. తట్టలో మట్టి పైపొర ఆరి తెల్లబడుతోంది.

మొగిలి చెయ్యి తిమ్మిరెక్కింది. గురువు వైపు చూశాడు. ఎంతసేపు, అని అడగాలనుకున్నాడు.

కనకలింగం అప్పటికే కర్ర అందుకుని మెట్లు దిగుతున్నాడు. వాకిట్లో ఒక్క క్షణం ఆగాడు.

"ఆయన నీ చెయ్యి ఇడిసినంక పని మొదలువెట్టు," అన్నాడు.

వెళ్లిపోయాడు. ఎండ అరుగు ఎక్కింది.

ఓదెలు వదల్లేదు.